రెండు డెల్టాల మధ్య ఇద్దరం

(సంక్రాంతి సెలవుల్లో మా ఊరి శాఖా గ్రంథాలయంలో, నెదర్లాండ్స్‌లో ఉంటున్న మా ఊరి ఆడపడుచు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

పెద్దలందరికీ నమస్కారమండి. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి రండి, ముందు చాప మీద చోటుంది. వెనకాల వినిపిస్తోందా అండి? మైకు లేకపోయినా పరవాలేదు, రావులపాలెంలో ఆరేళ్ళు లెక్కలు చెప్పిన గొంతు ఇది.

బోర్డు మీద 'విదేశాల్లో మనవాళ్ళ జీవితం' అని రాశారు. అంత పెద్ద విషయం నేను చెప్పలేనండి. నాకు తెలిసింది ఒక ఇల్లు, అందులో ఇద్దరు మనుషులు, వాళ్ళ మొదటి రెండు మూడేళ్ళు. అదే చెబుతాను. ఎందుకంటే నేను వచ్చిన ప్రతిసారీ నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. మీ ఆయనకి జీతం ఎంత? అక్కడ మన కూరగాయలు దొరుకుతాయా? ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పొద్దున్న ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాక సాయంత్రం దాకా నువ్వు ఎవరితో మాట్లాడతావమ్మా అని. ఒక్కళ్ళు, ఒక్కళ్ళు కూడా అడగలేదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కనీసం నలుగురి ఇళ్ళల్లో ఆడపిల్లలు పెళ్ళి చేసుకుని పై దేశాలకి వెళ్ళబోతున్నారని నాకు తెలుసు. అందుకే ఈ మాటలు.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేశారని మీ అందరికీ తెలుసు. కాలువ మీద పడవలు దాటే లాకుల తలుపులు మూయడం, నీళ్ళు సమం అయ్యేదాకా చూసి అవతలి తలుపులు తీయడం, ఆ చప్పుడు వింటూ పెరిగాను నేను. పెళ్ళయ్యాక 2016 అక్టోబరులో నెదర్లాండ్స్ వెళ్ళాం. మావారిది సాఫ్ట్‌వేరు, ఆఫీసు హేగ్ నగరంలో. ఇల్లు ఆ పక్కనే లైడ్‌షెన్‌డామ్ అనే ఊళ్ళో. చివర 'డామ్' విన్నారా? ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, అన్నీ అంతే. ఆమ్‌స్టెల్ అనే ఏటికి గట్టు వేసిన చోట ఆమ్‌స్టర్‌డామ్, రోటె అనే ఏటికి వేసిన చోట రోటర్‌డామ్. మనం ధవళేశ్వరంలో ఆనకట్ట వేసుకున్నట్టే, వాళ్ళు వేసిన ప్రతి చోటా ఊరు లేచింది. ఆ దేశంలో నాలుగో వంతు నేల సముద్రం కంటే పల్లంలో ఉంది. మేం దిగిన స్కిపోల్ విమానాశ్రయం కూడా సముద్ర మట్టానికి 3 మీటర్లు దిగువన, ఒకప్పుడు చెరువుగా ఉన్న చోటు.

ఇంకో మాట. మా అత్తగారిది పాలకొల్లు. డచ్ వాళ్ళు 17వ శతాబ్దంలోనే పాలకొల్లు వచ్చి బట్టల వ్యాపారం చేశారు, కాకినాడ జగన్నాథపురంలో కూడా వాళ్ళ స్థావరం ఉండేది. మన నేతగాళ్ళు నేసిన గుడ్డ ఓడలెక్కి వాళ్ళ దేశం వెళ్ళింది. మనవాళ్ళ ఇంటి నుంచి మనిషి వెళ్ళడానికి నాలుగొందల ఏళ్ళు పట్టింది, అంతే తేడా. ఈ మాట మా మామయ్యగారు మేం బయల్దేరే రోజు అన్నారు. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ చాలామంది ఇరుక్కుంటారు. నాలుగు నెలలకి మించి ఉండేవాళ్ళు దిగిన ఐదు రోజుల్లో అక్కడి మునిసిపల్ ఆఫీసులో పేరు నమోదు చేసుకోవాలి. దాన్ని 'ఖెమేంట' అంటారు. అక్కడ ఇచ్చే నంబరు లేకపోతే జీతం పడదు, బ్యాంకు ఖాతా రాదు, ఇన్సూరెన్సు రాదు. ఆ నమోదుకి పుట్టిన తేదీ సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్ అడుగుతారు. ఉత్త సర్టిఫికెట్ చాలదు, మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర ఉండాలి. ఇంగ్లీషులో ఉంటే సరిపోతుంది, తెలుగులో ఉంటే తర్జుమా చేయించాలి. నేను ఇంట్లో పుట్టినదాన్ని, మంత్రసాని చేతుల్లో. పంచాయతీ పుస్తకంలో నా పేరు లేదు. పదో తరగతి సర్టిఫికెట్ మీదే ఇన్నేళ్ళూ బతికేశాను. ఆలస్య నమోదుకి ఆర్డీవో గారి ఉత్తర్వు కావాలి, దాని కోసం మా నాన్న ఒక ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగారు, వచ్చాక చూస్తే అందులో ఇంటిపేరు స్పెల్లింగు పాస్‌పోర్టుతో కలవలేదు, మళ్ళీ మొదటికి. మీ పిల్లలది ఇవాళే ఇంటికెళ్ళి చూడండి. సంబంధం కుదిరేదాకా ఆగకండి.

ఇక ఇల్లు. కంపెనీ వాళ్ళిచ్చిన గది మూడు వారాలే. తర్వాత అద్దెకి ఒక ఇల్లు దొరికింది, తాళం తీసి లోపలికి వెళ్తే కింద గచ్చు లేదు. అంటే సిమెంటు ఉంది, దాని మీద ఏమీ లేదు. ముందున్నవాళ్ళు వెళ్తూ వెళ్తూ చెక్క ఫ్లోరు ఊడదీసి పట్టుకుపోయారు. నేను మోసపోయామనుకున్నాను. కాదట, ఖాళీ ఇల్లు అంటే చాలాచోట్ల అంతేనట, ఫ్లోరు కూడా అద్దెకున్నవాళ్ళే వేసుకోవాలి, దీపాలు కూడా. మెట్లు చూస్తే తాటిచెట్టుకి వేసిన నిచ్చెనలా నిటారుగా. మంచం ఆ మెట్ల మీద ఎక్కదు, కిటికీ లోంచి తాడు వేసి లాగారు. అక్టోబరు చివర, చలి, ఉత్త సిమెంటు మీద మా అమ్మ ఇచ్చిన చాప వేసుకుని ఇద్దరం కూర్చుని పప్పూ అన్నం తిన్నాం. ఆ రాత్రి చాలా సంతోషంగా ఉన్నాం, అది కూడా చెప్పాలి.

సోమవారం పొద్దున్న ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు. అక్కడి నుంచి మొదలైంది.

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. 2016 నవంబరు 6, ఆదివారం. ఆ తేదీ మీకు చెప్పక్కర్లేదు కదా? 1996లో అదే రోజు కోనసీమ తుఫాను. అప్పటికి సరిగ్గా ఇరవై ఏళ్ళు. ఆ సాయంత్రం అమ్మతో ఫోనులో అదే మాట్లాడుకున్నాం, కొబ్బరిచెట్లు వరసగా పడిపోవడం, మనం బడి గదిలో నీళ్ళలో నిలబడి తెల్లవారేదాకా ఉండటం, అవన్నీ. మర్నాడు సోమవారం. మధ్యాహ్నం 12 గంటలు. ఇంట్లో నేనొక్కదాన్నే, చాప మీద కూర్చుని బీన్సు తుంచుతున్నాను. ఉన్నట్టుండి ఊరంతా సైరన్. ఎక్కడో ఒక చోట కాదు, ఆకాశం మొత్తం మోగుతోంది. నా వయసు ఎనిమిదేళ్ళకి వెళ్ళిపోయింది. సముద్రం కంటే పల్లంలో ఉన్న దేశం అని నాకు తెలుసు కదా, గట్టు తెగింది అనుకున్నాను. స్టవ్ కట్టేశాను, పాస్‌పోర్టుల ఫైలు పట్టుకున్నాను, ఆ నిటారు మెట్లెక్కి పై గదికి వెళ్ళాను. కిటికీ లోంచి చూస్తే వీధిలో ఒక పెద్దావిడ కుక్కని నడిపించుకుంటూ తాపీగా వెళ్తోంది. తల కూడా ఎత్తలేదు. నిమిషమో, నిమిషంన్నరో, ఆగిపోయింది. ఆయనకి ఫోన్ చేస్తే పక్క సీటు అతన్ని అడిగి చెప్పారు. ప్రతి నెలా మొదటి సోమవారం మధ్యాహ్నం 12కి సైరన్లు పనిచేస్తున్నాయో లేదో చూస్తారట. దేశమంతా.

అప్పుడు ఏడ్చానండి. భయం తీరిపోయాక ఏడ్చాను. ఎందుకంటే ఆ వీధిలో చిన్నపిల్లలతో సహా అందరికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదు. ఇక్కడ మన ఊళ్ళో కాలువకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో, కట్టేసేది ఎప్పుడో నన్ను అడిగేవాళ్ళు, లస్కరు గారి అమ్మాయిని కాబట్టి. అక్కడ నేను ఏమీ తెలియని మనిషిని. ఒంటరితనం అంటే పక్కన మనిషి లేకపోవడం అనుకుంటాం. నాకైతే అది ఏమీ తెలియకపోవడంలో ఉంది.

డిసెంబరు వచ్చేసరికి అక్కడ పొద్దు పొడిచేది ఉదయం 8:45కి, సాయంత్రం 4:30కే చీకటి. ఆయన చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చేవారు. ఇండియాకీ అక్కడికీ చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. నాకు సాయంత్రం ఆరయ్యేసరికి ఇక్కడ అమ్మ నిద్రపోయే వేళ. ఇక మిగిలిందెవరు? ఆయనే. ఆయన రోజంతా ఇంగ్లీషులో మాట్లాడి, డచ్ వింటూ, మాటలన్నీ అయిపోయి ఇంటికొచ్చేవారు. నాకేమో పొద్దుట్నుంచీ పోగుపడి ఉండేవి. ఆయన సోఫాలో కూర్చుని కళ్ళు మూసుకుంటే నాకు కోపం. నేను గబగబా మాట్లాడేస్తే ఆయనకి టెన్షన్. ఎవరి తప్పండి? ఇద్దరిదీ కాదు. ఇక్కడైతే పక్కింటి పిన్నితో కొంత, చెరువు గట్టు మీద కొంత, బళ్ళో కొంత, గుళ్ళో కొంత, అమ్మతో కొంత మాట్లాడేసి, మిగిలిన నాలుగు మాటలూ మొగుడితో మాట్లాడతాం. అక్కడ పదిమంది మొయ్యాల్సిన బరువు ఒక్కడి మీద పెట్టేశాను నేను. ఆయన కూడా అంతే, ఆఫీసులో పడ్డ అవమానాలూ చిరాకులూ చెప్పుకోడానికి ఒక స్నేహితుడు లేడు, అన్నీ నా మీదే. ఆ చలికాలం రెండుసార్లు టికెట్లు చూశాను, వెనక్కి వచ్చేద్దామని. అమ్మా, ఈ మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇంకో సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. అక్కడ మనకి ఒక కార్డు ఇస్తారు, నివాస అనుమతి కార్డు. దాని వెనక ఒక వాక్యం ఉంటుంది, డచ్‌లో. నేను దాన్ని ఏడు నెలలు పర్సులో పెట్టుకుని తిరిగాను. దాని అర్థం ఏమిటో తెలుసా? ఈ మనిషి ఏ పనైనా చేసుకోవచ్చు, వేరే పర్మిట్ అక్కర్లేదు అని. నైపుణ్య ఉద్యోగుల వీసా మీద వెళ్ళినవాళ్ళ భార్యకి గానీ భర్తకి గానీ ఆ హక్కు ఉంది. నేను 'డిపెండెంట్' అనే మాట ఒక్కటే విన్నాను, పని చెయ్యకూడదేమో అనుకున్నాను, ఆయనా అలాగే అనుకున్నారు. చదువుకోడానికి వెళ్ళినవాళ్ళ జీవిత భాగస్వాములకి రూలు వేరు, అందరికీ ఒకటే కాదు. మీ కార్డు మీద ఏం రాసి ఉందో మొదటి వారంలోనే ఎవరితోనైనా చదివించుకోండి.

ఎలా తెలిసిందంటే, అది లాకుల దగ్గర మొదలైంది.

ఏప్రిల్ నెల, ఎండ కాసింది, శనివారం. ఫ్లీట్ అనే కాలువ మా ఊరి మధ్యలోంచి వెళ్తుంది. ఇద్దరం గట్టు వెంట నడుస్తూ వెళ్తుంటే ఎదురుగా లాకులు. చెక్క తలుపులు, నీళ్ళు సమం అయ్యేదాకా మధ్యలో ఆగిన పడవలు, ఆ చప్పుడు. అదే చప్పుడండి. మా నాన్న తిప్పిన చప్పుడే. నేను అక్కడే నిలబడిపోయాను. పక్కన బల్ల మీద ఎవరున్నారనుకున్నారు? సైరన్ రోజు కుక్కని నడిపించుకుంటూ వెళ్ళిన పెద్దావిడ. ఫోనులో మా నాన్న లాకు మీద నిలబడ్డ ఫోటో ఉంటే తీసి చూపించాను. నాకప్పటికి డచ్‌లో నాలుగు మాటలు వచ్చు. 'మై ఫాదర్' అని ఇంగ్లీషులో అని, లాకుని చూపించాను. ఆవిడ 'స్లౌస్' అంది. లాకుని వాళ్ళు స్లౌస్ అంటారు. మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట ఉండేదాన్ని మన ఇరిగేషన్ వాళ్ళు ఏమంటారు? స్లూయిజు! నాన్న నోట వెయ్యిసార్లు విన్న మాట. ఆ దేశంలో నాకు ముందే తెలిసి ఉన్న మొదటి మాట అది.

ఆవిడ మా వెనక వీధిలోనే ఉంటుంది, రిటైరైన నర్సు. మంగళవారం లైబ్రరీకి రమ్మంది. అక్కడి లైబ్రరీల్లో 'తాల్‌హౌస్' అని ఉంటుంది, భాషా గృహం అన్నమాట, వాలంటీర్లు కూర్చుని ఉచితంగా భాష మాట్లాడిస్తారు. నా కార్డు వెనక వాక్యం చదివి చెప్పింది కూడా అక్కడే, ఒక రిటైర్డు మాస్టారు. ఈ గ్రంథాలయంలో నిలబడి ఈ మాట చెప్పడం నాకు చాలా సంతోషంగా ఉంది. చిన్నప్పుడు ఈ బీరువా పక్కనే కూర్చుని చదువుకున్నాను.

కూరగాయల ప్రశ్నకి కూడా జవాబు చెబుతాను, నిరాశపడకండి. హేగ్‌లో పెద్ద సంత ఉంది, వారానికి నాలుగు రోజులు. అక్కడ బెండకాయలు, కాకరకాయలు, అలసందలు, చింతపండు అన్నీ దొరుకుతాయి. కాకరకాయని 'సోప్రోపో' అంటారు. అది సురినామ్ వాళ్ళ మాట. సురినామ్ దక్షిణ అమెరికాలో ఉంది, డచ్ వాళ్ళ పాలనలో ఉండేది. 1873 నుంచి చెరుకు తోటల్లో పనికి మన ఉత్తరాది కూలీల్ని ఓడల్లో తీసుకెళ్ళారు, 1975లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో వాళ్ళ మనవలు చాలామంది నెదర్లాండ్స్ వచ్చేశారు. ఆ అంగడి ఆవిడ నాతో భోజ్‌పురి లాంటి హిందీ మాట్లాడింది, ఇండియా ఎప్పుడూ చూడలేదట. నేను వచ్చి ఆరు నెలలకే అలిసిపోయానే, వీళ్ళ ముత్తాతలు వెనక్కి వెళ్ళే దారి లేకుండా ఎలా ఉన్నారో అనిపించింది. పులస మాత్రం దొరకదు, దాని గురించి అడగకండి.

డాక్టర్ల విషయం. ఇన్సూరెన్సు అందరూ కట్టాల్సిందే, నాలుగు నెలల లోపు తీసుకోవాలి. దాని పైన ఏడాదికి మొదటి 385 యూరోలు మన చేతి నుంచి పెట్టుకోవాలి, ఇంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆ లెక్కలోకి రాదు. జ్వరమని వెళ్తే పారాసిటమాల్ వేసుకో, నీళ్ళు తాగు, తగ్గకపోతే రా అంటారు. మనకి సూది పడకపోతే వైద్యం జరిగినట్టుండదు కదా! మొదట్లో చాలా కోపం వచ్చింది నాకు. కానీ 2019లో పాప పుట్టినప్పుడు వాళ్ళు చూసుకున్న తీరు చెప్పకపోతే అన్యాయం.

మొదటి పురుడు పుట్టింట్లో పోసుకోవాలి, తెలుసు. నేను రాలేకపోయాను, అమ్మకి వీసా వేళకి రాలేదు. అక్కడ 'క్రామ్‌జోర్ఖ్' అని ఉంది. కాన్పయ్యాక వారం రోజుల పైన ఒక ఆవిడ రోజూ ఇంటికొస్తుంది. బాలింతని చూస్తుంది, బిడ్డకి స్నానం చేయిస్తుంది, తండ్రికి కూడా నేర్పిస్తుంది, ఇల్లు సర్దుతుంది, చుట్టాలెక్కువసేపు కూర్చుంటే పంపించేస్తుంది. కడుపుతో ఉన్న మొదటి నెలల్లోనే దానికి పేరు రాయించుకోవాలి, ఆలస్యం చేస్తే మనిషి దొరకదు. బిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్ళకి గుండ్రటి రస్కు మీద వెన్న రాసి, చక్కెర పూసిన సోంపు గింజలు చల్లి పెడతారు, ఆడపిల్లైతే గులాబీ రంగు. సోంపు తింటే తల్లికి పాలు పడతాయని వాళ్ళ పాతకాలపు నమ్మకం. నేను ఆవిడకి మన కాయం గురించి, వాము గురించి చెప్పాను. అమ్మ పంపిన కాయం డబ్బా వాసన చూసి ఆవిడ ఇది రోజుకెంత తినాలి అని అడిగి పుస్తకంలో రాసుకుంది. వీడియోలో అమ్మ చెబుతోంది, ఆవిడ చేస్తోంది, మధ్యలో నేను తర్జుమా. అప్పటికి నాకు డచ్ వచ్చేసింది.

ఆయన గురించి కూడా చెప్పాలి, అక్కడ వెనక వరసలో కూర్చున్నారు, తల దించుకోకండి. ఆ మొదటి చలికాలం తర్వాత మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆయన వచ్చాక అరగంట ఎవరూ మాట్లాడం. తర్వాత అరగంట నడక, ఫోన్లు ఇంట్లో పెట్టేసి, వానైనా సరే. పెద్ద విషయంలా కనిపించదు, మాకు అదే పనిచేసింది. పాప పుట్టాక ఆయన బుధవారాలు ఆఫీసు మానేశారు. అక్కడ తండ్రులు చాలామంది అలా చేస్తారు, దానికి 'పాపాదాఖ్' అని పేరు కూడా ఉంది, నాన్న రోజు అని. మా అత్తయ్యగారు విని మగవాడు వారంలో ఒక రోజు ఇంట్లో ఉండటమేమిటి అన్నారు, బాధపడ్డారు. తర్వాత వచ్చి మూడు నెలలు ఉన్నారు. బుధవారం కొడుకు పాపకి తల దువ్వి, చారు పెట్టి, సైకిలు ముందు బుట్టలో కూర్చోబెట్టుకుని పార్కుకి తీసుకెళ్తుంటే చూసి, మీ నాన్న ఒక్క రోజైనా నిన్ను ఎత్తుకున్నారట్రా అన్నారు. ఆ మాట ఆవిడే ఇక్కడ చెప్పమన్నారు.

నేనిప్పుడు ఒక ప్రాథమిక పాఠశాలలో సహాయకురాలిగా చేస్తున్నాను. మధ్యాహ్నం భోజనం వేళ పిల్లల్ని చూసుకునే పనితో మొదలైంది, రొట్టె డబ్బాలు తెరిచిపెట్టడం, చేతులు కడిగించడం. లెక్కల టీచరుకి ఈ పనేమిటి అని ఇక్కడ కొందరన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ పిల్లలు తప్పు దిద్దుతూ నాకు భాష నేర్పారు.

మా ఇంటికి ఏటా నీటి సంఘం నుంచి పన్ను కాగితం వస్తుంది. 'వాటర్‌స్ఖాప్' అంటారు, 13వ శతాబ్దం నుంచీ ఉన్నాయి, గట్లూ కాలువలూ లాకులూ వాళ్ళ బాధ్యత, నాలుగేళ్ళకోసారి ఎన్నికలు. మనకీ నీటి తీరువా ఉంది, 1997 చట్టంతో నీటి సంఘాలొచ్చాయి. 1953లో ఒకే రాత్రి గట్లు తెగి అక్కడ 1,836 మంది పోయారు, ఆ తర్వాతే సముద్రం నోటికి అడ్డంగా పెద్ద పెద్ద తలుపులు కట్టుకున్నారు. ఆ పన్ను కట్టేటప్పుడు నాకు బరువనిపించదు. మన డ్రైన్లలో గుర్రపుడెక్క చూసినప్పుడల్లా మాత్రం మనసు కలుక్కుమంటుంది. అది వేరే రోజు మాట్లాడుకుందాం.

ఇందాక లోపలికి వస్తుంటే ఆ మూల కూర్చున్న బాబాయిగారు అడిగారు, ఫిబ్రవరిలో మా అమ్మాయి వెళ్తోంది, పెట్టెలో ఏం సర్దమంటావమ్మా అని. పచ్చళ్ళు రెండు సీసాలు చాలు బాబాయిగారూ, మిగతాది సంతలో దొరుకుతుంది. సర్టిఫికెట్లు అపోస్టిల్ వేయించి, విమానంలో చేతిసంచిలో పెట్టుకోమనండి, పెట్టెలో వద్దు. వానకోటు ఇక్కడ కొనకండి, ఆ గాలికి ఆగదు. అమ్మాయి చదువు సర్టిఫికెట్లు మార్కులతో సహా అన్నీ పెట్టండి, అల్లుడివి మాత్రమే కాదు. ఒక చాప పెట్టండి. నెల మొదటి సోమవారం 12 గంటలకి సైరన్ మోగుతుంది, భయపడొద్దని ముందే చెప్పండి. మీరు ఫోన్ చేసేది అక్కడి మధ్యాహ్నం వేళ చెయ్యండి, ఆ అబ్బాయి ఇంట్లో లేనప్పుడు. నా నంబరు లైబ్రేరియన్ గారికి ఇచ్చాను, దిగిన రోజే నాకు ఫోన్ చెయ్యమనండి. స్టేషనుకి నేను వస్తాను.